చైనీస్ ఒక్క ముక్క రాకుండా బీఏ ఆనర్స్‌లో చేరొచ్చా? గుంతకల్లు తమ్ముడికి జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది: "అన్నా, మాది గుంతకల్లు. ఇంటర్ సీఈసీ అయిపోయింది, పదో తరగతి దాకా తెలుగు మీడియమే. సీయూఈటీ రాసినా, ఢిల్లీలో చైనీస్ బీఏ ఆనర్స్ సీటు వచ్చేటట్టుంది. చైనీస్ ఒక్క ముక్క రాదు. క్లాసులో నిలబడగలనా? చేరేలోపల ఏం చదువుకోవాల? ఇంట్లో మాత్రం కియా మన పక్కనే ఉంది గదా, కొరియన్ చదువుకో అంటున్నారు."

నిలబడగలవు. బీఏ మొదటి సంవత్సరం సిలబస్ రాసేదే పిల్లలకు ఏమీ రాదనుకుని. మొదటి రోజు పాఠం శబ్దాలతోనే మొదలవుతుంది. చేరేముందు చేసే పని విషయంలో మాత్రం చాలామంది దారి తప్పుతారు. యూట్యూబ్ చూసి రెండు వందల అక్షరాలు బట్టీ కొట్టి, వాటిని ఇంగ్లిష్ ఉచ్చారణతో నోటికి పట్టించుకుని వస్తారు. వాళ్లకు నేర్పడం కంటే సున్నాతో వచ్చినవాళ్లకు నేర్పడమే సులువు. కాబట్టి ఇప్పుడు అక్షరాల జోలికి పోవద్దు. మొదటి ఐదు వారాలు చెవి, నోరు, ఈ రెండే.

ఒక్క మాట గుర్తుపెట్టుకో: పిన్యిన్‌ను ఇంగ్లిష్‌లాగా చదవద్దు, తెలుగు వర్ణమాలలో పెట్టి చదువు. తెలుగు మీడియం వాడివని భయపడుతున్నావు గానీ, ఈ ఒక్క విషయంలో నీ పక్క బెంచీ కాన్వెంటు పిల్లలకంటే నీదే పైచేయి. ఎందుకో చెప్తా.

పిన్యిన్ అంటే చైనీస్ శబ్దాలను ఇంగ్లిష్ లిపిలో రాసే పద్ధతి. చైనా ప్రభుత్వం 1958లో ఆమోదించింది. లిపి ఇంగ్లిష్‌దే అయినా అక్షరాల విలువలు వేరు. ఇంగ్లిష్‌లో బి, పి మధ్య తేడా మన బ, ప మధ్య తేడా లాంటిది. చైనీస్‌లో అట్లా కాదు. అక్కడ రెండూ ప లే, ఒకటి ఊపిరి లేని ప, ఇంకోటి ఊపిరితో కొట్టే ప. అంటే మన అల్పప్రాణం, మహాప్రాణం. వరస ఇట్లా పెట్టుకో:

పిన్యిన్ బి = ప, పి = ఫ. ఈ ఫ సినిమా పేర్లలో పలికే ఎఫ్ కాదు, ప కింద ఒత్తు.
డి = త, టి = థ.
జి = క, కె = ఖ.
జె = చ, క్యూ = ఛ, ఎక్స్ = శ. ఈ మూడింటికీ నాలుక కొన కింది పళ్ల వెనక ఆనుకుని ఉండాల.
జెడ్ = చాప, చలి అనేటప్పుడు పెద్దవాళ్ల నోట వచ్చే దంత్య ౘ. సి = అదే ౘ, ఊపిరితో. ఎస్ = స.
జెడ్-హెచ్ = నాలుక కొన పైకి మడిచి పలికే చ. సి-హెచ్ = అదే ఊపిరితో. ఎస్-హెచ్ = ష.

మొత్తం ఆరంభ హల్లులు 21. జాస్తి తిప్పలు పెట్టే చ-ఛ-శ, ౘ-స, ష వర్గాలకు మన దగ్గర అక్షరాలే ఉన్నాయి. ఇంగ్లిష్ ఒక్కటే తెలిసినవాడికి ఎక్స్‌కూ ఎస్-హెచ్‌కూ తేడా చెవికే ఎక్కదు. నీకు శ, ష అని రెండు పెట్టెలు ముందే ఉన్నాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. లిపిలో ఉన్నంత మాత్రాన నోట్లో ఉన్నట్టు కాదు. మన సీమ మాటల్లో ఒత్తులు ఎప్పుడో రాలిపోయాయి, ఖర్చును కర్చు అంటాం, భయాన్ని బయం అంటాం. శ, ష కూడా చాలామంది నోట ఒకటే. కాబట్టి ఊపిరి ఒత్తు కొత్తగా అభ్యాసం చేయాల్సిందే. నోటికి నాలుగు వేళ్ల దూరంలో పల్చటి కాగితం పట్టుకో. ప అంటే కాగితం కదలకూడదు, ఫ అంటే ఎగరాల. త-థ, క-ఖ, చ-ఛ అన్నీ అట్లే. కర్నూలు, కడపల్లో ఉర్దూ ఇంట్లో మాట్లాడే స్నేహితుడు ఉంటే ఖానా, థోడా, ఛోటా అని పలికించుకుని విను. మొదటి అక్షరంలో ఆ ఊపిరే కావాల్సింది.

ఈ లెక్కన బీజింగ్ అని మనం అనే ఊరి పేరు పెయ్‌చిఙ్‌కు దగ్గరగా ఉంటుంది. బ లేదు, జ లేదు, చివర గ లేదు.

ఆ చివరి ఙ గురించి. ఒకటో తరగతిలో నేర్చుకుని మళ్లీ ఎప్పుడూ వాడని ఙ ఇప్పుడు రోజూ పనికొస్తుంది. చైనీస్‌లో మాట చివర న్, ఙ్ రెండూ వస్తాయి, రెండింటికీ అర్థం వేరు. చిన్, చిఙ్ వేరువేరు మాటలు. మనవాళ్లు ఙ్ తర్వాత గ కలిపి చిఙ్గ్ అంటారు, అది తప్పు. ఇంకో తెలుగు అలవాటు, హల్లుతో మాట ముగిస్తే నోరు ఊరుకోదు, చివర ఉకారం తగిలిస్తుంది. బస్సు, కారు చేసుకున్నట్టే మన్‌ను మన్ను చేస్తాం. చైనీస్‌లో ఒక అచ్చు కలిస్తే ఇంకో అక్షరం చేరినట్టు వినిపిస్తుంది. రికార్డు చేసుకుని వింటే తప్ప ఇది మనకు తెలియదు.

అచ్చుల్లో నాలుగు చోట్ల జాగ్రత్త. ఒకటి, యు మీద రెండు చుక్కలున్న అచ్చు. లోపల ఈ అంటూ పెదవులు ఊ అన్నట్టు గుండ్రంగా పెట్టాల. జె, క్యూ, ఎక్స్, వై తర్వాత చుక్కలు రాయరు, శబ్దం మాత్రం అదే. ఇది తప్పితే 'ఆకుపచ్చ' కాస్తా 'దారి' అవుతుంది. రెండు, ఎస్-హెచ్, జెడ్-హెచ్, సి-హెచ్, ఆర్, జెడ్, సి, ఎస్ తర్వాత వచ్చే ఐ అక్షరం ఇ కాదు. షి అనకు. ష్ అని నాలుకను అక్కడే ఉంచి గొంతు కలిపి సాగదీయి, అంతే. మూడు, ఐ-ఎ-ఎన్ అని రాసి ఉంటే యాన్ కాదు, యెన్. 'ఆకాశం, రోజు' అనే మాట టియాన్ కాదు, థియెన్. నాలుగు, యు-ఐ అంటే ఉయ్ కాదు, వెయ్‌లాగా. మధ్యలో ఒక అచ్చును రాతలో మింగేశారు.

తెలుగు లిపిలో శబ్దం పట్టుకోవడం మొదటి పదిహేను రోజులకే. ఆ తర్వాత పాఠం లైన్ల పైన తెలుగులో ఉచ్చారణ రాసుకోవద్దు. రాస్తే కన్ను అక్కడికే పోతుంది, చైనీస్ అక్షరాన్ని చూడదు. పైగా తెలుగులో టోన్ గుర్తు, అంటే పలికేటప్పుడు గొంతు ఎక్కేదీ దిగేదీ చూపే గుర్తు, ఉండదు.

ఇక టోన్లు. టోన్ లెక్కలోకి తీసుకోకపోతే ఆ భాషలో అక్షర శబ్దాలు సుమారు 400 మాత్రమే, టోన్లతో కలిపితే 1,200 పైచిలుకు. అందుకే టోన్ పోతే అర్థమే మారిపోతుంది. మై అనే శబ్దం మూడో టోన్‌లో 'కొను', నాలుగో టోన్‌లో 'అమ్ము'. వ్యాపారుల మధ్య దుబాసీగా కూర్చున్నవాడు ఇది తప్పితే బేరం తలకిందులే.

ఒకటో టోన్ ఎత్తుగా, శ్రుతి పట్టినట్టు, కదలకుండా. రెండోది కింది నుంచి పైకి, సరిగ్గా వినబడనప్పుడు "ఆఁ?" అన్నట్టు. మూడోది అడుగున ఉండేది. నాలుగోది పై నుంచి కిందికి ఒక్క దెబ్బ, కోపంగా "పో" అన్నట్టు. ఇవి కాక పొట్టిగా, బలం లేకుండా పలికే తటస్థ టోన్ ఒకటి.

మూడో టోన్‌ను పుస్తకాలు కిందికి దిగి మళ్లీ పైకి లేచే వంకలాగా గీస్తాయి. విడిగా పలికితే అట్లే ఉంటుంది. మాటల మధ్యలో మాత్రం అడుగున ఉండిపోతుంది, పైకి లేవదు. ప్రతిసారీ వంక తిప్పేవాడి మాట రెండో టోన్‌లా వినిపిస్తుంది, వేగమూ రాదు. మూడో టోన్ అంటే 'కిందే ఉండు' అని నేర్చుకో. రెండు మూడో టోన్లు పక్కపక్కన వస్తే మొదటిది రెండో టోన్‌గా మారుతుంది. అందరికీ తెలిసిన 'నీ హావ్' లోనే ఈ మార్పు ఉంది. 'కాదు' అనే పు మామూలుగా నాలుగో టోన్, తర్వాత ఇంకో నాలుగో టోన్ వస్తే తాను రెండో టోన్ అవుతుంది. 'ఒకటి' అనే మాటకూ ఇట్లాంటి మార్పులున్నాయి. పిన్యిన్ రాసేటప్పుడు మూడో టోన్ మార్పును చూపించరు, అసలు గుర్తే వేస్తారు. పలికేటప్పుడు మార్చుకోవాల్సింది నువ్వే.

టోన్లను ఒక్కొక్కటిగా సాధన చేయడం దండగ. జతలుగా చేయాల. నాలుగు నాలుగ్లు పదహారు జతలు. 3-3 జత 2-3గా మారుతుంది కాబట్టి చెవికి వినిపించేవి 15. తటస్థ టోన్ చివర వచ్చేవి ఇంకో 4. ఈ 19 జతలకు ఒక్కో మాట ఎంచుకుని, రోజూ అదే వరసలో పలుకు. మాటలు మార్చొద్దు, నెలరోజులు అవే. కొత్త మాట ఏది వచ్చినా "ఇది ఫలానా మాట జత" అని ఆ గూట్లో పడుతుంది.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే టోన్ జబ్బు ఒకటుంది. ప్రశ్న అడిగేటప్పుడు మనం వాక్యం చివర గొంతు ఎత్తుతాం. చైనీస్‌లో చివరి మాట నాలుగో టోన్ అయితే అది దిగాల్సిందే, ప్రశ్న అయినా సరే. వాక్యం మొత్తం కొంచెం ఎత్తు శ్రుతిలో పట్టుకుని, చివరి మాటను దాని టోన్‌లో వదలాల. విడిగా అన్ని టోన్లూ బాగా పలికే పిల్లలు సంభాషణ పరీక్షలో మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

ఆరు వారాల ప్రణాళిక రోజుకు 45 నిమిషాలు: 15 వినడం, 20 పలికి రికార్డు చేయడం, 10 అసలు ఆడియో పక్కన పెట్టి పోల్చుకోవడం. మొదటి రెండు వారాలు హల్లులు, అచ్చులు. తర్వాత మూడు వారాలు టోన్ జతలు. ఆరో వారం అక్షరాల గీతల క్రమం, అంటే ఏ గీత ముందు రాయాలో ఏది తర్వాతో. ఐదో వారం చివర ఒక పరీక్ష పెట్టుకో. తెలియని 20 శబ్దాలు విని పిన్యిన్, టోన్ గుర్తులతో రాయి. 16 సరిగ్గా వస్తే చాలు. కంప్యూటర్ ఉంటే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నీ గొంతు ఎక్కడ ఎక్కిందో ఎక్కడ దిగిందో గీత గీసి చూపిస్తుంది. ఫోన్‌లో చైనీస్ వాయిస్ టైపింగ్‌తో పరీక్షించుకునేవాళ్లున్నారు, దాన్ని పూర్తిగా నమ్మొద్దు. వాక్యం మొత్తం చూసి ఊహించేస్తుంది, నీ టోన్ తప్పినా మాట సరిగ్గానే పడుతుంది.

అక్షరాల సంగతి. ఒక్కో అక్షరానికి రూపం, శబ్దం-టోన్, అర్థం, ఈ మూడూ కలిపే నేర్చుకోవాల. గీతల క్రమానికి నియమాలు కొన్నే: అడ్డగీత ముందు, నిలువుగీత తర్వాత. ఎడమకు వాలేది ముందు, కుడికి వాలేది తర్వాత. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. పెట్టె ఉంటే లోపలిది రాసి, అడుగు గీత చివర మూయాల. ఎట్లా రాసినా రూపం అదే కదా అనిపిస్తుంది. కానీ క్రమం తప్పినవాడి అక్షరం వేగంగా రాసేసరికి వంకరపోతుంది. ఫోన్ నిఘంటువులో వేలితో రాసి వెతికినా అక్షరం సరిగ్గా దొరకదు.

రాసుకోవడానికి గళ్ల లెక్కల నోటుబుక్కు చాలు. నాలుగు చిన్న గళ్లను కలిపి ఒక పెద్ద గడి అనుకో, చైనా బడిపిల్లల పుస్తకంలోనూ గడి ఇట్లే నాలుగు భాగాలుగా ఉంటుంది. రెండు గీతల అక్షరమైనా ఇరవై గీతల అక్షరమైనా ఒకే గడిలో పట్టాల. ఏ గీత పొడుగో కూడా చూడు. 'మట్టి' అనే అక్షరంలో కింది అడ్డగీత పొడుగు, పై గీతను పొడుగు చేస్తే 'పండితుడు' అనే వేరే అక్షరం.

పేజీ నిండా ఒకే అక్షరం రాయడం ఇంపోజిషన్ అవుతుంది గానీ చదువు కాదు. ఐదోసారి తర్వాత చెయ్యి రాస్తుంటుంది, బుర్ర ఇంకెక్కడో ఉంటుంది. చూసి నాలుగైదుసార్లు, పుస్తకం మూసి ఒకసారి. పది నిమిషాల తర్వాత మూసి ఒకసారి, మరుసటి రోజు, మూడో రోజు, ఏడో రోజు. అంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ ఈ లెక్కను తనే చూసుకుంటుంది, కాకపోతే అక్షరం చూసి అర్థం చెప్పే కార్డులొక్కటే పెట్టుకోవద్దు. అర్థం చూసి చేత్తో రాసే కార్డులు కూడా ఉండాల. పరీక్షలో రాయాలి గదా.

రోజుకు 8 కొత్త అక్షరాలు, వారానికి ఐదు రోజులు, 16 వారాల సెమిస్టర్ అంటే 640. అందులో 400 చేత్తో రాయగలిగేలా మిగిలితే బాగా చదివినట్టే. మొదటి వంద చాలా కష్టం. తర్వాత భాగాలు కనపడటం మొదలవుతాయి. చైనీస్ అక్షరాల్లో అధికభాగం రెండు ముక్కలుగా ఉంటాయి, ఒక ముక్క అర్థం వైపు వేలు చూపుతుంది, ఇంకోటి శబ్దం వైపు. ఛిఙ్ అనే శబ్దాన్నిచ్చే ఒక ముక్క ఉంది. దానికి ఎడమపక్క మూడు నీటి చుక్కలు పెడితే 'తేట', ఒకటో టోన్. మాట గుర్తు పెడితే 'దయచేసి', మూడో టోన్. గుండె గుర్తు పెడితే 'మనసులోని భావం', సూర్యుణ్ని పెడితే 'మబ్బు విడిచిన ఆకాశం', ఈ రెండూ రెండో టోన్. ఒక ముక్క నేర్చుకుంటే నాలుగు మాటలు. పాత కాంగ్‌షీ నిఘంటువు లెక్కలో ఇట్లాంటి మూల భాగాలు 214. అన్నీ ముందే బట్టీ పట్టొద్దు, తరచూ వచ్చే ముప్పై చాలు. నీరు, మనిషి, నోరు, చెయ్యి, చెట్టు, మాట, గుండె, స్త్రీ, సూర్యుడు, ఇట్లాంటివి.

భారతదేశంలో డిగ్రీలు సరళ లిపిలో నేర్పుతాయి, అంటే 1956 నుంచి చైనా తెచ్చిన తగ్గించిన రూపాలు. 'గుర్రం' పాతరూపంలో పది గీతలు, కొత్తరూపంలో మూడే. పాతరూపాలు తైవాన్, హాంకాంగ్‌లలో వాడతారు. మొదటి రెండేళ్లు రెండూ కలపొద్దు.

వ్యాకరణంలో కాలాన్ని బట్టి, మనిషిని బట్టి క్రియ మారదు, లింగం లేదు. ఇది అందరూ చెప్పేదే. తెలుగువాడికి అంతకంటే పనికొచ్చే పోలికలు వేరే ఉన్నాయి. "నిన్న నేను కొన్న పుస్తకం" అనే మాటను ఇంగ్లిష్‌లో తిరగేసి చెప్పాల, చైనీస్‌లో మన వరసే: నేను, నిన్న, కొను, సంబంధం చూపే త, చివర పుస్తకం. ప్రశ్నలోనూ అంతే. "నువ్వు ఎవరు?" అంటే ఎవరు అనే మాట ఉన్నచోటే ఉంటుంది, ముందుకు రాదు. వస్తావా, తింటావా అని మనం చివర ఆ చేర్చినట్టు వాళ్లు చివర మ చేరుస్తారు. "ఆమె పొడుగు" అనడానికి మధ్యలో క్రియ అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ఆలోచించేవాడు అక్కడ 'అవును' అనే ష క్రియను ఇరికించి తప్పు రాస్తాడు. గుణవాచకానికి ముందు హన్ అని మూడో టోన్‌లో వేస్తే సరిపోతుంది. అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలికి నాలుగు వేరు మాటలు. బీజింగ్ వైపు మేము, మనం తేడా కూడా ఉంది.

అందుకే నోటుబుక్కులో అర్థాలు తెలుగులో రాసుకో. క్లాసులో వివరణ ఇంగ్లిష్‌లో ఉంటుంది, పాఠ్యపుస్తకంలో అర్థాలూ ఇంగ్లిష్‌లోనే. వాటిని మళ్లీ తెలుగు చేసి రాసుకోవడానికి పది నిమిషాలు జాస్తి పడుతుంది, కానీ వాక్యం వరస తప్పదు.

తెలుగు తప్పుదారి పట్టించే చోట్లు: కర్మ క్రియ తర్వాత వస్తుంది. మన "రేపు కర్నూలులో బస్సు ఎక్కుతా" అక్కడ "రేపు, లో-కర్నూలు, ఎక్కు, బస్సు" అవుతుంది. కాలం, చోటు క్రియకు ముందే, ఆ వరకు మనదే. 'లో' మాత్రం ఊరి పేరుకు ముందుకు దూకుతుంది. ఇక ల అనే చిన్న మాట ఉంది. దాన్ని భూతకాలం గుర్తనుకుని ప్రతి పాత సంగతికీ తగిలిస్తారు. అది పని పూర్తయిందనో, పరిస్థితి మారిందనో చెప్పేది. "చిన్నప్పుడు రోజూ పాలు తాగేవాణ్ణి", "నిన్న చలిగా ఉండింది", ఈ రెండింటికీ ల రాదు.

సంఖ్యకూ వస్తువు పేరుకూ మధ్య వచ్చే లెక్కపెట్టే మాటలు ఇంకో తలనొప్పి. పుస్తకానికి ఒకటి, బల్లకు ఒకటి, పశువుకు ఒకటి. నామవాచకం నేర్చుకున్న రోజే దాన్ని 'మూడు ఫలానా పుస్తకం' అని కలిపి నేర్చుకో. పెద్ద సంఖ్యల్లో వాళ్ల మెట్టు పదివేలు, దాన్ని వాన్ అంటారు. లక్ష అంటే పది వాన్, కోటి అంటే వెయ్యి వాన్, పది కోట్లకు మళ్లీ కొత్త మాట. కాగితం మీద కుడి నుంచి నాలుగు అంకెలకు ఒక కామా పెట్టుకుంటే తికమక ఉండదు. మన 3,50,000ను 35,0000 అని రాసుకో, 35 వాన్.

మూడేళ్లలో మాట్లాడగలవా అని నువ్వు అడగలేదు గానీ ఇంట్లో అడుగుతారు. అమెరికా దౌత్యవేత్తలకు నేర్పే సంస్థ ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకు చైనీస్ వృత్తిపరంగా వాడే స్థాయికి 2,200 తరగతి గంటలు అని లెక్క పెట్టుకుంది. నీకు వారానికి 12 గంటల భాషా తరగతులు, 16 వారాలు, ఆరు సెమిస్టర్లు అనుకుంటే 1,152. మిగతా వెయ్యి గంటలు నీ గదిలో జరగాల, అంటే సెలవుల్తో సహా రోజుకు గంట. ఆ గంట పెట్టినవాళ్లు హెచ్‌ఎస్‌కె అనే చైనీస్ ప్రావీణ్య పరీక్ష పాత లెక్కలో ఐదో స్థాయికి, అంటే 2,500 మాటల దగ్గరికి చేరొచ్చు. పెట్టనివాళ్లు నాలుగో స్థాయి, 1,200 మాటల చుట్టూ ఆగుతారు. హెచ్‌ఎస్‌కె పుస్తకం కొనేటప్పుడు ఒకటి చూసుకో. పాతది ఆరు స్థాయిలు, 2021లో వచ్చిన కొత్త ప్రమాణాల్లో తొమ్మిది, మాటల సంఖ్య వేరు. రాయబోయే పరీక్ష ఏదో కనుక్కుని కొను. పాత పద్ధతిలో మొదటి రెండు స్థాయిల్లో అక్షరాల పైన పిన్యిన్ అచ్చువేసి ఇస్తారు, కాబట్టి ఆ సర్టిఫికెట్ చూపించి చదవడం వచ్చంటే ఎవరూ నమ్మరు.

సాధారణంగా పిల్లలు జారేది రెండుచోట్ల. మొదటి సెమిస్టర్ సగంలో పాఠంలోంచి పిన్యిన్ తీసేస్తారు, అప్పటిదాకా పిన్యిన్ చూసి చదివినవాడికి పేజీ మొత్తం నల్లగా కనిపిస్తుంది. దీనికి మందు, మొదటి నుంచీ పాఠం పైన పిన్యిన్ మీద కాగితం అడ్డం పెట్టి చదవడం. రెండోది మూడో సెమిస్టర్. మాటలు ఒక్కసారిగా పెరుగుతాయి, ఒకే అర్థం ఇచ్చే మాటలు మూడేసి వస్తాయి. అప్పుడు విడి మాటలు ఆపేసి వాక్యాలు బట్టీ పట్టాల. ఇంకా, చైనా చరిత్ర, సంస్కృతి పేపర్లు ఇంగ్లిష్‌లో రాయాలి. నీకు అసలు భారం అదే, ఈ వేసవిలోనే రోజుకు ఒక పేజీ ఇంగ్లిష్ రాయడం మొదలుపెట్టు.

ఫోన్‌లో మూడు పనులు చేసుకో. ప్లెకో నిఘంటువు వేసుకో, ఉచితభాగం చాలు. పిన్యిన్ కీబోర్డు పెట్టుకో, రెండు చుక్కల యు కావాలంటే వి కొట్టాల. ఫోన్ భాషల జాబితాలో సరళ చైనీస్‌ను రెండో భాషగా చేర్చు. అది లేకపోతే కొన్ని ఫోన్లు కొన్ని అక్షరాలను జపనీస్ రూపంలో చూపిస్తాయి. అదే చూసి రాస్తే పరీక్షలో ఎర్రసిరా పడుతుంది.

కొరియన్ సంగతి. కియా 2019లో పెనుకొండ దగ్గర కార్ల తయారీ మొదలుపెట్టినప్పటి నుంచి మన వైపు ప్రతి ఇంట్లో ఇదే మాట. నిజం చెప్పాలంటే తెలుగువాడికి కొరియన్ వ్యాకరణం చైనీస్ కంటే దగ్గర, క్రియ చివరే వస్తుంది, మన విభక్తుల్లాగే నామవాచకం వెనక ప్రత్యయాలు. లిపి 24 మూలాక్షరాలే, వారంలో చదవడం వస్తుంది. అయినా ఫ్యాక్టరీలో లైన్ మీద పనికి కొరియన్ అక్కర్లేదు, దుబాసీలు కావాల్సింది కొద్దిమందే. ఒక్క కంపెనీని చూసి భాష ఎంచుకోవద్దు. చైనీస్ వైపు కూడా కంపెనీలు లేకపోలేదు. 2015లో శ్రీసిటీలో ఫోన్ల తయారీ మొదలుపెట్టిన ఫాక్స్‌కాన్ తైవాన్‌దే, తైవాన్‌లో మాట్లాడేదీ మాండరినే, అంటే నువ్వు చదవబోయే చైనీసే.

ఉద్యోగాల్లో ఆశ పెట్టుకోకూడనిది ఒకటుంది, స్కూళ్లలో చైనీస్ టీచర్ పోస్టులు. 2020 జాతీయ విద్యావిధానం ఉదాహరణగా చెప్పిన విదేశీ భాషల్లో కొరియన్, జపనీస్ ఉన్నాయి, చైనీస్ లేదు. నువ్వు సీఈసీ చదివావు కాబట్టి భాషతో పాటు ఎగుమతి-దిగుమతి కాగితాలు, జీఎస్టీ, ఇన్‌వాయిస్‌లు నేర్చుకో. భాష ఒక్కటే వచ్చినవాడికంటే లెక్కలూ వచ్చినవాడినే కంపెనీ పిలుస్తుంది. ఆగిపోయిన భారత్-చైనా నేరు విమానాలు ఐదేళ్ల తర్వాత 2025 అక్టోబరులో మళ్లీ మొదలయ్యాయి, చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లకు హెచ్‌ఎస్‌కె స్కోరు పనికొస్తుంది, అది రెండేళ్లే చెల్లుతుంది. తైవాన్ విద్యాశాఖ కూడా భాష నేర్చుకోవడానికే హుయాయూ స్కాలర్‌షిప్ అని ఇస్తుంది. పాత లిపి మొదలుపెట్టేది అప్పుడే.

ఈ సీటు రాకపోతే? చైనీస్ డిగ్రీ కోసం మన జిల్లాలు దాటాల్సిందే. శాంతినికేతన్ విశ్వభారతిలో చీనా భవన్ 1937 నుంచి ఉంది, డెహ్రాడూన్‌లో దూన్ విశ్వవిద్యాలయం ఉంది. దగ్గర్లో కావాలంటే హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఆ ఏడాది చైనీస్‌లో ఏ కోర్సులు ప్రకటించిందో చూడు. వారాంతం కోచింగ్‌తో మూడు నెలల్లో దుబాసీని చేస్తామనేవాళ్లకు డబ్బు కట్టొద్దు, పైన గంటల లెక్క చూశావు గదా.

చేరిన మొదటి వారంలో టీచర్ చైనీస్ పేరు పెడతారు. వాళ్లకూ మనలాగే ఇంటిపేరు ముందు, పెట్టినపేరు తర్వాత. నీ తెలుగు పేరును శబ్దం శబ్దంగా మార్చమని పట్టుబట్టకు, ఆరు అక్షరాల వింత పేరు తయారవుతుంది. రెండు మూడు అక్షరాల పేరు అడుగు, గీతలు తక్కువ ఉన్నది చూసుకో. మూడేళ్లు ప్రతి జవాబు పత్రం మీదా రాయాల్సింది అదే.